మేడమ్ ఫోన్‌లో చెబుతారు, చేసేది నేను.. దీన్ని థెరపీ అంటారా?

గుంటూరు నుంచి ఒక అమ్మ రాశారు. పేరు, ఉండే పేట బయటపెట్టొద్దన్నారు కాబట్టి తీసేశాం. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాం.

ఆమెకు మూడేళ్ల మూడు నెలల బాబు. ఏడాదిన్నర వయసులో ‘అత్త’, ‘తాత’, ‘బువ్వ’ అనేవాడు. రెండో పుట్టినరోజు వచ్చేసరికి అవీ ఆగిపోయాయి. పిలిస్తే తిరిగి చూడడు. వేలు పెట్టి ఏదీ చూపించడు. ఏది కావాలన్నా అమ్మ మణికట్టు పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు. విజయవాడలో పిల్లల డాక్టరు చూసి ఆటిజం అన్నారు. అక్కడే ఒక సెంటర్లో వారానికి మూడు రోజులు థెరపీకి చేర్చారు. బస్సు మంగళగిరి దాటకముందే బాబు ఏడుపు అందుకునేవాడు, సెంటరు చేరేసరికి సొమ్మసిల్లినట్టు ఉండేవాడు. తల్లిని బయట కుర్చీలో కూర్చోబెట్టి, ముప్పావు గంట తర్వాత బిడ్డను అప్పగించేవారు. “లోపల ఏం చేస్తున్నారో ఒక్కరోజూ నాకు తెలియలేదు” అని రాశారామె. స్కూల్లో ఇబ్బంది రాకూడదంటే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని కూడా చెప్పారట.

ఆ తిరుగుడు మానేసి, రెండు నెలలుగా హైదరాబాద్‌లోని ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గర ఆన్‌లైన్‌లో తల్లిదండ్రులకిచ్చే శిక్షణ తీసుకుంటున్నారు. వారానికో వీడియో కాల్, మధ్యలో తాను బాబుతో ఆడుతున్న వీడియో ఒకటి పంపాలి. గొడవంతా ఇక్కడే. “ఫోను చూసి చూసే వీడిలా అయ్యాడు, మళ్లీ ఫోన్లోనే వైద్యమా? ఫీజు ఆవిడకి, చాకిరీ మనకా?” అని అత్తగారు. భర్త మిర్చి యార్డులో కమీషన్ కొట్టు చూసుకుంటారు, సీజన్‌లో రాత్రి పదయితేగానీ ఇల్లు చేరరు. రోజుకు నాలుగు గంటలు థెరపీ ఇచ్చే సెంటరు హైదరాబాద్‌లో ఉందట, అద్దె ఇల్లు తీసుకుని తల్లీ బిడ్డా అక్కడే ఉండండి, డబ్బు నేను చూసుకుంటాననేది ఆయన మాట. ఆడపడుచు భర్త స్టెమ్ సెల్ వైద్యం చేయిద్దామంటున్నారు.

“వీడియో తీస్తున్నంతసేపూ పరీక్ష రాస్తున్నట్టు చేతులు వణుకుతాయి మేడమ్. నేను డిగ్రీ చదివానుగానీ టీచర్ని కాదు. నా చేతకానితనం వల్ల వాడి వయసు కరిగిపోతోందేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆన్‌లైన్‌లోనే ఉండాలా, హైదరాబాద్ వెళ్లిపోవాలా?” అని అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, మీరు రెండో పేజీలో ఒక సంగతి రాసి, వెంటనే దాటి వెళ్లిపోయారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. పోయిన వారం స్నానాల గదిలో బాబు బకెట్ పక్కన నిలబడి, మీ చెయ్యి తీసి కుళాయి మీద పెట్టాడు. “నీళ్లు అను నాన్నా, నీళ్లు అంటేనే తిప్పుతా” అని మీరు నాలుగైదుసార్లు అడిగారు. వాడు కెవ్వుమన్నాడు. మీరు బెంబేలెత్తి కుళాయి తిప్పేశారు. “ఇలా ప్రతిదాన్లోనూ ఓడిపోతున్నాను” అని దాని కింద రాశారు.

నాకు అందులో ఓటమి కనిపించలేదు. ఆ గదిలో నీళ్లు తెప్పించగలిగే మనిషి ఎవరో వాడికి తెలుసు. ఆ మనిషి చెయ్యి ఎక్కడ పెడితే పని అవుతుందో తెలుసు. వాడి దగ్గరున్న భాషలో అడగాల్సింది అడిగేశాడు. మీరు దాన్ని అడగడంగా లెక్కేయకుండా ఇంకో భాషలో అడగమన్నారు. అది వాడి దగ్గర ఇంకా లేదు. అందుకే ఏడ్చాడు.

మీ థెరపిస్టు చెప్పిన ‘ఆగి చూడండి’ అనే మాట మీకు అర్థం కాలేదని రాశారు కదా, అదే కుళాయి దగ్గర పెట్టి చెబుతాను. పీట వేసుకుని కూర్చోండి, మీ ముఖం వాడి ముఖానికి ఎదురుగా రావాలి. వాడు మీ చెయ్యి కుళాయి మీద పెట్టగానే చెయ్యి అక్కడే ఉంచి, నోరు కదపకుండా, వాడి వైపు చూస్తూ మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ లోపు వాడు ఏదో ఒకటి చేస్తాడు. మీ కళ్లలోకి ఒక్క క్షణం చూడొచ్చు, ‘ఊ’ అనొచ్చు, మీ చేతిని ఇంకోసారి నొక్కొచ్చు. ఏది చేసినా ఆ క్షణమే కుళాయి తిప్పి, సంతోషంగా “నీళ్లు!” అనండి. ఒక్కసారి చాలు. కాసేపటికి కట్టేసి మళ్లీ ఆగండి. రెండోసారి వాడు ముఖంలోకి చూడటం కొంచెం త్వరగా వస్తుంది, లేదా రాకపోవచ్చు, రాకపోయినా తిప్పేయండి. ఏడ్చేదాకా మాత్రం ఎప్పుడూ బిగపట్టొద్దు. ‘అంటేనే ఇస్తా’ అనేది మన ఇళ్లలో అందరం ప్రేమతోనే చేస్తాం, కానీ ఇలాంటి పిల్లలకు దానివల్ల మాట్లాడటమంటేనే భయం పట్టుకుంటుంది.

ఇంకొకటి. మీరు రాసిన ఆట వీడియో వివరాల్లో దాదాపు ప్రతి వాక్యం ప్రశ్నే. ఇదేంటి? ఇది ఏ రంగు? ఆవు ఏమంటుంది? వాడు జవాబు చెప్పలేని ప్రశ్నలు గంటకు ఎన్ని పడుతున్నాయో ఒకసారి వాడి వైపు నుంచి ఆలోచించండి. వాడు కారు చక్రం తిప్పుతూ కూర్చుంటే పక్కన కూర్చుని మీరూ ఇంకో చక్రం తిప్పండి, “గిర్రు గిర్రు” అనండి. మూత పడేస్తే “పడిపోయింది!” అనండి. వాడు దేన్ని చూస్తున్నాడో దాని మాట మీ నోటి నుంచి రావాలి. మాటలు లేని బిడ్డతో ఒక్కొక్క మాట, ఒక్కొక్క మాట వచ్చిన బిడ్డతో రెండేసి మాటలు. ‘కావాలి’, ‘ఇంకా’ మాత్రమే నేర్పి వదిలేస్తుంటారు చాలామంది. ‘వద్దు’ కూడా నేర్పండి. తల అడ్డంగా ఊపినా, పళ్లెం పక్కకు నెట్టినా “వద్దా, సరే, వద్దు” అని తీసేయండి. వద్దని చెప్పే దారి దొరికిన పిల్లవాడు నేల మీద పడి తల బాదుకోవాల్సిన అవసరం తగ్గుతుంది.

ఇక మీ అత్తగారి మాటకు వద్దాం. ఆవిడ అడిగినవి రెండూ మంచి ప్రశ్నలే, కొట్టిపారేయకండి.

ఫోను వల్ల ఆటిజం వచ్చిందా? లేదు. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఇలాంటి పదకొండు మంది పిల్లల గురించి 1943లోనే రాశారు, అప్పటికి ఇళ్లలో టీవీలు కూడా దాదాపు లేవు. ఎదుగుదలలోనే ఉండే తేడా ఇది. ఫోను ఎక్కువైతే మనుషులతో ఆడే సమయం తగ్గుతుంది, ఆ నష్టం వేరు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది. అయితే ఈ శిక్షణలో తెర ముందు కూర్చోవాల్సింది మీరు, బాబు కాదు. వాడు వెనకాల గిన్నెలతో ఆడుకుంటూ ఉండొచ్చు, నిద్రపోతూ ఉన్నా ఫర్వాలేదు. వాణ్ని ముప్పావు గంట లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి పాఠం చెబుతామనేవాళ్లు వేరే ఉన్నారు. మూడేళ్ల పిల్లవాడికి అది చేయించమని నేను చెప్పను. మీ థెరపిస్టు చేస్తున్నది అది కాదని మీ ఉత్తరం బట్టి తెలుస్తోంది.

చాకిరీ మనకా అన్న రెండో ప్రశ్నకు దాచకుండా చెప్పాలంటే, అవును, పని మీదే. ఎందుకు మీ చేతే చేయిస్తున్నారంటే, బాబు మాట్లాడాల్సింది మీతో. ఆకలేసేది మీ వంటింట్లో, నీళ్లు కావాల్సింది మీ కుళాయి దగ్గర. సెంటర్లో బల్ల ముందు నేర్చుకున్నది ఇంటికొచ్చి వాడటం ఆటిజం ఉన్న పిల్లలకు బాగా కష్టం. బ్రిటన్‌లో 152 మంది చిన్నపిల్లలతో చేసిన ‘ప్యాక్ట్’ అనే అధ్యయనం 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తల్లో తండ్రో బిడ్డతో ఆడుకునే వీడియోను థెరపిస్టు వాళ్లతో కలిసి చూస్తూ మాట్లాడటమే అందులో పద్ధతి. తల్లిదండ్రులు బిడ్డ సంకేతాలను అందుకునే తీరు బాగా మారింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆటిజం లక్షణాల తీవ్రత మాత్రం అప్పటికి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. దాదాపు ఆరేళ్ల తర్వాత ఆ పిల్లల్లో చాలామందిని మళ్లీ పరీక్షిస్తే కొంత తగ్గినట్టు తేలింది, ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. అదే పద్ధతిని మన గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లల కుటుంబాలతో, పెద్ద డిగ్రీలు లేని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలతో చేయించి చూశారు. అక్కడా తల్లిదండ్రుల తీరు మారింది, పిల్లల చొరవ పెరిగింది.

ఇవి ఎదురెదురుగా కూర్చుని చేసినవి. దూరం నుంచి వీడియోలో నేర్పిన అధ్యయనాలూ ఉన్నాయి, చాలావరకు చిన్నవి. తల్లిదండ్రులు నేర్చుకోవడం వాటిలోనూ బాగానే జరిగింది, పిల్లల్లో మార్పు మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంది. కాబట్టి ఆన్‌లైన్ అంటే ఉత్తిదేనని మీ అత్తగారు అనక్కర్లేదు, దీంతో ఆరునెలల్లో గలగలా మాట్లాడతాడని ఎవరైనా మీకు మాటిస్తే నమ్మనూ వద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఆన్‌లైన్‌లోనే కొనసాగితే ఖర్చు తక్కువ, బస్సు ఏడుపు లేదు, వాడి ఇల్లు వాడికి ఉంటుంది, నాయనమ్మ ఉంటుంది. నష్టం ఏమిటంటే భారమంతా మీ ఒక్కరి మీద పడుతుంది. మీరు ఇప్పటికే పొద్దున్నుంచి రాత్రిదాకా ‘థెరపీ’ చేస్తున్నారని అర్థమవుతోంది. అలా చేయొద్దు. రోజులో మూడు పనులు ఎంచుకోండి: స్నానం, సాయంత్రం తిండి, పడుకునే ముందు ఒక ఆట. ఒక్కోటి పది నిమిషాలు. మిగతా రోజంతా మీరు మామూలు అమ్మే, వాడు చెయ్యి పట్టుకుని లాగితే లేచి వెళ్లి ఇచ్చేయండి. ఫోన్లో కుదరని పనులు కూడా కొన్ని ఉన్నాయి. నమలడం, మింగడంలో ఇబ్బంది, మూర్ఛ అనుమానం, తనను తాను గాయపరచుకోవడం, కాళ్లూ చేతుల పట్టు లేకపోవడం, ఇవి మనిషి చేత్తో పట్టుకుని చూడాల్సినవి. వచ్చిన మాటలు పోయాయన్న సంగతి కూడా పిల్లల నరాల డాక్టరుకు చెప్పి తీరాలి. వినికిడి పరీక్ష, అంటే బెరా, చేయించినట్టు మీ ఉత్తరంలో లేదు. చేయించకపోతే మిగతా అన్నిటికంటే ముందు అది చేయించండి. పిలిస్తే పలకని ప్రతి బిడ్డకూ అది కావాలి.

హైదరాబాద్ వెళ్తే రోజూ నిపుణుల చేతుల్లో నాలుగు గంటలు ఉంటాడు, అది చిన్న విషయం కాదు. కొంతమంది పిల్లలకు అలాంటి వాతావరణం నిజంగా అవసరం. కానీ ఆ నాలుగు గంటల తర్వాత? పరాయి ఊళ్లో, పలకరించే మనిషి లేని అద్దె ఇంట్లో, మీరూ వాడూ. తండ్రి నెలకోసారి కనిపించే మనిషి అవుతాడు. కొత్త చోటుకు అలవాటు పడటానికే ఇలాంటి పిల్లలకు వారాలు పడుతుంది. నిద్ర లేని తల్లిని అక్కడ చూసుకునేది ఎవరు? మీవారు ఇదంతా బిడ్డ మీద ప్రేమతోనే అంటున్నారు, అందులో అనుమానం లేదు. డబ్బు సంపాదించి పంపడం ఒక్కటే తన చేతిలో ఉందనుకుంటున్నారేమో. వెళ్లాలనే అనుకుంటే ఆ సెంటరును ఒకటే అడగండి: తల్లిని లోపలికి రానిస్తారా, నేర్పుతారా? ‘రానివ్వం’ అంటే, విజయవాడలో కూర్చున్న కుర్చీలోనే హైదరాబాద్‌లో కూర్చుంటారు, అద్దె అదనం.

మూడోది రెండూ కలిపి చేసుకోవడం, నాకు ఎక్కువ నచ్చేది ఇదే. వారానికో కాల్ అలాగే ఉంచండి. మూడు నెలలకోసారి హైదరాబాద్ వెళ్లి ఆ థెరపిస్టు బాబును నేరుగా చూసేలా మాట్లాడుకోండి. రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ లాంటివి అవసరమైతే గుంటూరులోనే వెతకండి. ప్రభుత్వ ఆస్పత్రిలో డీఈఐసీ ఉందేమో, అంటే చిన్నపిల్లల ఎదుగుదల లోపాలను త్వరగా గుర్తించి సాయపడే జిల్లా కేంద్రం, అడిగి తెలుసుకోండి. దీనికీ కష్టం ఉంది. ఇద్దరు ముగ్గురు నిపుణులు తలా ఒకటి చెబుతారు, మధ్యలో మీరు నలుగుతారు. అందుకని ఈ మూడు నెలలకు లక్ష్యాలు ఏమిటో కాగితం మీద రాయించుకుని అందరికీ అదే చూపించండి.

స్టెమ్ సెల్ వైద్యం జోలికి అసలు వెళ్లొద్దు. ఆటిజానికి దాన్ని వైద్యంగా సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది. ఆడపడుచు భర్తగారికి మర్యాదగా ఈ ముక్క చెప్పి వదిలేయండి. ఆ లక్షలు దాచుకోండి.

తెలుగు మానేయమన్న సలహా చదివి బాధేసింది. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవుతుందని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. మీకు కోపం, ముద్దు, నవ్వు ఏ భాషలో వస్తాయో ఆ భాషలోనే వాడితో మాట్లాడండి. నాయనమ్మకు రాని భాష ఇంట్లో పెడితే, వాడితో రోజంతా ఉండే మనిషి నోరు కట్టేసినట్టు. ‘బువ్వ’, ‘తాత’, ‘జోజో’ లాంటి చిన్న చిన్న మాటలు బిడ్డ నోటికి సులువు, వాటితోనే మొదలుపెట్టండి.

చిత్రాల కార్డులు ఇస్తే మాట రాదని భయపడి దాచిపెట్టానన్నారు. బయటికి తీయండి. బొమ్మ చూపించి అడగడం అలవాటైన పిల్లలకు మాట ఆగిపోతుందనడానికి ఆధారం లేదు, కొందరికి అదే మాటకు తోవ అవుతుంది. ఖరీదైన సెట్ అక్కర్లేదు. మీ ఇంటి గ్లాసు, మీ ఇంటి ఉయ్యాల, వాడు తినే జంతికల డబ్బా ఫొటోలు తీసి, ప్రింట్ వేయించి, లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద వాడి ఎత్తులో అంటించండి.

వీడియో భయం గురించి. ఈ పద్ధతి తెలిసిన థెరపిస్టు మీ వీడియోలో ముందు వెతికేది తప్పులను కాదు, బాగా కుదిరిన ఒక్క క్షణాన్ని. దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, “ఇక్కడ మీరు ఏం చేశారు, వాడు ఎందుకు చూశాడు?” అని అడుగుతారు. మీ మేడమ్ తప్పులతోనే మొదలుపెడుతుంటే, ముందు బాగున్నది చూపించమని నోరు తెరిచి అడగండి, అది మీ హక్కు. ఫోను చేత్తో పట్టుకోకండి, షెల్ఫ్‌లో బియ్యం డబ్బాకు ఆనించి మరిచిపోండి. ఐదారు నిమిషాలు చాలు. నెట్ సరిగా రాని రోజు కాల్ బదులు వీడియో పంపి, ఆమె వాయిస్ మెసేజ్ తీసుకోండి. స్నానం వీడియోలు మాత్రం ఎవరికీ పంపొద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. ఆ సంగతి నోటితో చెబితే చాలు. పంపిన వీడియోలు ఎక్కడ దాస్తారు, ఎప్పుడు తీసేస్తారు, ఇంకెవరు చూస్తారు అని అడగండి. ఇలాంటి థెరపిస్టుల పేర్లు నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో ఆమెకు రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగొచ్చు, నికార్సయిన థెరపిస్టు ఎవరూ దానికి నొచ్చుకోరు.

వచ్చే కాల్‌కు మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మేడమ్‌ను నేరుగా ఆవిడతోనే మాట్లాడమని ముందే చెప్పి ఉంచండి. బాబు అడక్కముందే అన్నీ నోటికి అందించేది ఆవిడే అని రాశారు. ఇప్పుడు ఆవిడకో పని అప్పజెప్పండి: సాయంత్రం జంతిక మొత్తం చేతికివ్వకుండా చిన్న ముక్క ఇచ్చి, మిగతాది తన చేతిలో కనిపించేలా పట్టుకుని, వాడు చూసేదాకా కాసేపు ఆగడం. మనవడు తన ముఖంలోకి చూసిన రోజు ఆవిడకు ఇక ఎవరూ ఏదీ నచ్చజెప్పక్కర్లేదు.

మీవారికి సీజన్‌లో వారం మధ్య కుదరదు. యార్డుకు సెలవు రోజున పావుగంట చాలు, ఉప్పుమూట ఆట ఆయనకు ఇవ్వండి. వీపు మీద ఎక్కించుకుని నాలుగడుగులు తిప్పి ఆగిపోవాలి. వాడు కదిలినా, కాళ్లు ఆడించినా, ‘ఊ’ అన్నా, “పోదాం!” అని మళ్లీ కదలాలి. ఇది చేసిన తండ్రులకు హైదరాబాద్ గురించి మాట్లాడే పద్ధతి మారడం నేను చూశాను.

నిర్ణయానికి తొందరేమీ లేదు. ఇవాళ్టి నుంచి మూడు నెలలు పెట్టుకోండి. ఒక నోటుబుక్‌లో వారానికి ఒక్కసారి మూడు సంగతులు రాయండి: వాడంతట వాడు మిమ్మల్ని ఎలా పిలిచాడు, ఎన్ని రకాలుగా అడిగాడు, ఏడుపు లేకుండా ఎంత సేపు ఆగగలిగాడు. మాటల లెక్క ఇప్పుడే వేయొద్దు, చూపు, శబ్దం, చేతి సైగ దానికంటే ముందు వస్తాయి. మూడు నెలలకు ఈ మూడింట్లో ఏదీ కదలకపోతే థెరపిస్టుతో లక్ష్యాలు మార్పించండి, అప్పుడు సెంటరు సంగతీ మళ్లీ ఆలోచించండి. ఈలోపు వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ పత్రం చేతికి వస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు, లక్ష రూపాయల దాకా, వెళ్లొచ్చు. ఆ కాగితాల పని మీరు నెత్తిన వేసుకోకండి. మీవారికి అప్పగించండి, డబ్బు సంగతి తాను చూసుకుంటానన్నారు కదా, ఇదీ అందులోదే.